ఇల్లు ముందు అమ్మానాన్నల వైద్యానికి, వాటాలు ఆ తర్వాత

హైదరాబాద్‌లోని రామంతాపూర్ గల్లీల్లో పాత ఇళ్లు ఒక్కొక్కటే కూలుతున్నాయి. ఎన్‌జీఆర్‌ఐలోనో, సర్వే ఆఫ్ ఇండియాలోనో, ఆర్టీసీలోనో, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లోని ఫ్యాక్టరీల్లోనో పనిచేసినవాళ్లు ముప్పై నలభై ఏళ్ల కిందట నూట యాభై, రెండు వందల గజాలు కొని, ముందు రెండు గదులు, చేతిలో డబ్బు ఆడినప్పుడు మరో రెండు గదులు వేసుకుంటూ పోయిన ఇళ్లవి. 2017 నవంబరులో నాగోల్ వరకు మెట్రో వచ్చింది. ఉప్పల్ భగాయత్‌లో హెచ్‌ఎండీఏ ప్లాట్లను వేలానికి పెట్టింది. చాలామందికి ఆ ఇంటి విలువ సర్వీసంతా కలిపి తీసుకున్న జీతాన్ని దాటిపోయింది. దాంతో బిల్డర్ గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. స్థలం డెవలప్‌మెంట్‌కు ఇస్తే ఫ్లాట్లలో సగం యజమానికి, సగం బిల్డర్‌కు. ఆ ఒప్పందం మీద సంతకాలయ్యే రోజుల్లోనే ఇంట్లో ఇంకో ఒప్పందం కూడా కుదురుతుంది. రెండో అంతస్తు పెద్దవాడికి, మూడోది చిన్నవాడికి, అమ్మాయికి పెళ్లప్పుడే పెట్టాల్సింది పెట్టేశాం. మరి అమ్మానాన్నలు? ఎవరి దగ్గర ఉండాలనిపిస్తే వాళ్ల దగ్గర ఉంటారు. మొత్తం పంపకంలో ఏ కాగితం మీదా ఎక్కని మాట ఇదొక్కటే.

ఆస్తి పంపకం గురించి మనం మాట్లాడుకునేదంతా ఆస్తిని పిల్లల కోసం ఎలా కాపాడాలన్న కోణంలోనే సాగుతుంది. కబ్జా కాకుండా, తగాదా రాకుండా, పన్ను పడకుండా పిల్లల పేరున ఎలా ఎక్కించాలి అని. తూర్పు హైదరాబాద్‌లోని మధ్యతరగతి కుటుంబానికి ఈ లెక్క తలకిందులుగా ఉందన్నది నా వాదన. ఆ కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క పెద్ద ఆస్తి ఇల్లు. తల్లిదండ్రుల చివరి పది పదిహేనేళ్ల మందులకు, మనిషి సాయానికి, మంచం పట్టాక జరగాల్సిన సేవకు ఉన్న ఒకే ఒక్క నిధి కూడా అదే ఇల్లు. కాబట్టి ముందు ఆ అవసరానికి కేటాయించి, మిగిలినదాన్ని పంచుకోవాలి. బతికుండగా రాసివ్వడం కన్నా వీలునామా మేలు. రాసివ్వక తప్పకపోతే పోషణ షరతు దస్తావేజులోనే ఉండాలి.

ఇల్లే ఎందుకు నిధి కావాలి, ప్రభుత్వం లేదా అనొచ్చు. ఆసుపత్రి వరకు ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా అయిదు లక్షల ఆయుష్మాన్ వయ వందన 2024 అక్టోబరులో మొదలైంది. నిర్ణీత కాలం పనిచేసి రిటైరైన ఈఎస్‌ఐ కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగుతుంది. నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉన్న ప్రాంతానికి అది చిన్న సాయమేమీ కాదు, అయినా చాలామంది ఆ చందా కట్టరు. అయితే ఇవన్నీ బెడ్ మీద ఉన్నన్నాళ్లే. డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక పక్షవాతం మనిషిని పక్కకు తిప్పేదెవరు, డైపర్ మార్చేదెవరు, గ్యాస్ కట్టేయడం మరచిపోయే తల్లిని పగలంతా కనిపెట్టుకుని ఉండేదెవరు? దీనికి ఏ కార్డూ పనిచేయదు. పూర్తికాలం కేర్‌టేకర్‌ను పెట్టుకోవాలంటే నగరంలో నెలకు ఇరవై వేలు దాటడం మామూలే. ప్రైవేటు ఫ్యాక్టరీలో రిటైరైనవాడికి వచ్చే ఈపీఎస్ కనీస పింఛను 2014 నుంచీ వెయ్యి రూపాయలు. ఆసరా పింఛను 2,016. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని, వయసు పైబడినవారిపై దేశవ్యాప్తంగా జరిగే లాసీ సర్వే ఆధారంగా జరిగిన అధ్యయనం 2023లో లెక్కగట్టింది. ఈ జబ్బు ఏళ్ల తరబడి సాగుతుంది. ఆపరేషన్‌తో ముగిసే ఖర్చు కాదు.

ఇక్కడే విదేశాల్లోని పిల్లలు ఫోన్‌లో చెప్పే సలహాను కొంచెం ఆగి వినాలి. అమెరికాలో నర్సింగ్ హోమ్ ఖర్చును మెడికెయిడ్ భరిస్తుంది, కానీ ఆస్తి పెద్దగా లేనివాళ్లకే. అందుకే అక్కడివాళ్లు ఇంటిని ముందే ట్రస్టుకో పిల్లలకో బదలాయిస్తారు, ప్రభుత్వమేమో దరఖాస్తుకు ముందు అయిదేళ్ల బదలాయింపులను తవ్వి చూస్తుంది. జపాన్‌లో 2000 నుంచి 40 ఏళ్లు దాటిన ప్రతివారూ దీర్ఘకాల సేవా బీమాకు చందా కడతారు. ఆ దేశాల్లో ఇంటిని సేవ ఖర్చు నుంచి తప్పించడంలో అర్థముంది, ఎందుకంటే ఖర్చు భరించే మూడో చెయ్యి ఒకటుంది. మనకు ఆ మూడో చెయ్యి లేదు. రామంతాపూర్‌లో ఇంటిని సేవ ఖర్చు నుంచి తప్పిస్తే ఆ ఖర్చు కొడుకు జీతం మీదో, ఉద్యోగం మానేసే కోడలి మీదో, కూతురి మీదో పడుతుంది. ముందే రాసిస్తే పన్ను కలిసొస్తుందన్నదీ అపోహే. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. వీలునామాకు స్టాంపు సుంకం లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించినా రుసుం నామమాత్రం.

ఇంత ఉన్నా ఉప్పల్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టుపక్కల డాక్యుమెంట్ రైటర్ల దగ్గర గిఫ్ట్ సెటిల్‌మెంట్లకు కరవుండదు. కుటుంబ సభ్యులకు రాసే సెటిల్‌మెంటుకు అమ్మకం కన్నా సుంకం చాలా తక్కువ, పని ఒక్కపూటలో అయిపోతుంది. రైటర్ దగ్గర నమూనా తయారుగా ఉంటుంది. కొడుకు మీద ఉన్న ప్రేమాభిమానాల చేత ఇస్తున్నట్టు, ఈ రోజు నుంచి దాన విక్రయాది సర్వహక్కులతో అతడే అనుభవించవలసినట్టు, ఇకపై తనకుగానీ తన ఇతర వారసులకుగానీ ఏ హక్కూ లేనట్టు రాసి ఉంటుంది. పేర్లు, సరిహద్దులు, గజాలు మార్చి ప్రింటు తీస్తారు. డెబ్బై ఏళ్ల మనిషి కళ్లద్దాలు సర్దుకుని వేలిముద్ర వేస్తాడు. అన్నం, మందులు, ఉండటానికో గది, ఆసుపత్రి ఖర్చు, వీటి గురించి ఆ నమూనాలో ఒక్క ముక్క ఉండదు. స్వీకరించి రిజిస్టరైన దానాన్ని మనసు మారిందని ఏకపక్షంగా వెనక్కి తీసుకోవడం 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం కింద కుదరదు.

2007లో తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం వచ్చింది కదా, ఆర్డీవో గిఫ్ట్ డీడ్ రద్దు చేస్తాడు కదా అన్నది తరచూ వినబడే ధీమా. చట్టంలో 23వ సెక్షన్ ఆ అవకాశం ఇస్తుంది, నిజమే. కానీ సెక్షన్ భాషను చూడాలి. కనీస వసతులు, అవసరాలు చూసుకోవాలన్న షరతుకు లోబడి ఆస్తి ఇచ్చి ఉండాలి, తీసుకున్నవాడు ఆ షరతు తప్పి ఉండాలి. అప్పుడే ఆర్డీవో ఉండే ట్రైబ్యునల్ ఆ బదలాయింపు చెల్లదని ప్రకటించగలదు. షరతు ఉన్నట్టు రుజువు కావాల్సిందేనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు ఉదారంగా వ్యవహరించింది. గిఫ్ట్ డీడ్‌తో పాటు కొడుకు రాసిచ్చిన హామీపత్రాన్ని కలిపి చదివి, దానాన్ని రద్దు చేసి ఇంటిని ఆమెకు అప్పగించమంది. అదే ఏడాది మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రేమాభిమానాలతో ఇచ్చానన్న మాటలోనే చూసుకోవాలన్న షరతు ఇమిడి ఉందంది. తీర్పులు పెద్దవాళ్ల వైపు మొగ్గుతున్నాయి, సంతోషం. అయినా ఏ బెంచి ఎలా చదువుతుందో తెలియని వాక్యం మీద తలదాచుకునే ఇంటిని పందెం కాయడం ఎందుకు? మూడు వాక్యాలు అదనంగా రాయించుకుంటే షరతు ఉందా లేదా అన్న వాదనే ట్రైబ్యునల్ దగ్గర అక్కర్లేదు. పోషణభృతి గరిష్ఠ పరిమితి 2007లో పెట్టిన పదివేల దగ్గరే ఉంది. దానితో కేర్‌టేకర్ సగం జీతం కూడా రాదు.

దానం చేస్తూనే బతికున్నన్నాళ్లూ అనుభవించే హక్కు తమ దగ్గర ఉంచుకోవచ్చా అన్న సందేహానికి జవాబు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే దొరికింది. ఇంటిని రాసిచ్చి, చనిపోయేదాకా తానే ఉంటాను, అద్దె తానే తీసుకుంటాను అని పెట్టుకున్న దానం చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మన పెద్దలకు ఇది మంచి వార్తే. ఆ తీర్పుకు రెండో వైపు కూడా ఉంది. అలా రాసిచ్చిన దాత తర్వాత రద్దు చేసుకోవాలని చూస్తే కుదరలేదు. జీవితకాల హక్కు నీడనిస్తుంది, అద్దె తెచ్చిపెడుతుంది. క్యాన్సర్ వైద్యానికి ఇంటిని అమ్మాల్సి వస్తే మాత్రం అది పనికిరాదు. అమ్ముకునే స్వేచ్ఛ కూడా చేతిలో ఉండాలంటే వీలునామానే దారి. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే నిలుస్తుంది, కన్నుమూసేదాకా యజమాని యజమానే. ముస్లిం కుటుంబాల్లో వీలునామాతో ఇవ్వగలిగేది మూడో వంతుకు పరిమితం, వారసుల్లో ఒకరికి రాయాలంటే మిగతావారి సమ్మతి కావాలి. వాళ్లు విడిగా సలహా తీసుకోవాలి.

వీలునామా అనగానే పిల్లల వాటాల దగ్గరికి పరుగెత్తుతాం. మొదట చూడాల్సింది భార్యను. సాధారణంగా భర్త వయసులో పెద్ద, ముందు వెళ్లిపోయేదీ ఆయనే. ఇల్లు ఆయన ఒక్కడి పేరునే ఉంటుంది. వీలునామా లేకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమాన వాటాలు. ముగ్గురు పిల్లలుంటే నలభై ఏళ్లు ఆ వంటింట్లో నిలబడిన మనిషికి దక్కేది నాలుగో వంతు. దాన్ని అమ్ముకోవాలన్నా పంపకం జరగాలి. అందుకని భర్త రాసే వీలునామాలో ముందు భార్య, ఆమె తర్వాత పిల్లలు అని ఉండాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆమెకు జీవితకాలం అనుభవించే హక్కు మాత్రమే అని రాస్తే ఆమె అమ్మగలదా లేదా అన్నది కోర్టు పాలవుతుంది. 1977లో ఆంధ్ర నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో, పోషణ హక్కుకు బదులుగా వితంతువుకు పరిమిత హక్కుతో ఇచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణ హక్కుగా మారుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆస్తి ఆమె చేతికి వచ్చింది 1949లో జరిగిన రాజీ మీద. చివరి మాట రావడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. అంత దూరం పోనక్కర్లేకుండా వీలునామాలో ఒక వాక్యం చాలు: తన పోషణకు, వైద్యానికి అవసరమైతే ఈ ఇంటిని అమ్ముకునే, తాకట్టు పెట్టుకునే పూర్తి హక్కు నా భార్యకు ఉంటుంది, పిల్లల సమ్మతి అక్కర్లేదు.

కూతుళ్ల మాటా ఇక్కడే. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు హక్కు ఇచ్చిన 1986 నాటి సవరణ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చినదే, దేశమంతటికీ 2005లో వచ్చింది. కట్నం ఇచ్చేశాం కాబట్టి వాటా లేదన్న మాటకు చట్టంలో చోటు లేదు. నల్గొండలోనో వరంగల్‌లోనో ఉన్న పిత్రార్జిత భూమికీ, సొంత జీతంతో రామంతాపూర్‌లో కట్టుకున్న స్వార్జితానికీ తేడా తెలుసుకోవాలి. రెండోదాన్ని ఎవరికి ఎంతన్నది పూర్తిగా కట్టుకున్నవారి ఇష్టం. ఎవరు చూసుకుంటున్నారో వాళ్లకు కొంచెం ఎక్కువ రాయడం తప్పేమీ కాదు. ఎందుకు ఎక్కువో కారణం కూడా రాస్తే మిగతావాళ్లకు కోర్టుకెళ్లే సాకు తగ్గుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది, బతికుండగా పంచకపోతే పోయాక పిల్లలు కొట్టుకుంటారన్నది. అన్నదమ్ముల తగాదాలు చూసిన సమాజం కాబట్టి ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అయితే ఆ తగాదాల్లో ఎక్కువ భాగం వీలునామా లేకపోవడం వల్ల, లేదా చివరి వారంలో ఆసుపత్రి మంచం మీద వేలిముద్ర వేయించడం వల్ల వచ్చినవి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఇద్దరు సాక్షుల ముందు, వీలైతే డాక్టరు సర్టిఫికెట్‌తో, రిజిస్టర్ చేయించిన వీలునామాను సవాలు చేయడం అంత తేలిక కాదు. సాక్షులు కొంచెం వయసులో చిన్నవాళ్లయితే మంచిది, రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సింది వాళ్లే. రెండో అభ్యంతరం, కన్నకొడుకుతో షరతులేమిటి, అది అవమానం కాదా అని. అదే కొడుక్కి బ్యాంకు ఇంటిరుణం ఇచ్చేటప్పుడు దస్తావేజులన్నీ తన దగ్గర పెట్టుకుంటుంది, ఎవరూ నొచ్చుకోరు. చూసుకోవాలనే ఉద్దేశం ఉన్నవాడికి ఆ షరతుతో పోయేదేమీ లేదు. అదీగాక అది కొడుకు మీద అనుమానం కూడా కాదు. కొడుకే ముందు పోవచ్చు, అప్పులపాలు కావచ్చు, విడాకులు తీసుకోవచ్చు. అతడి పేరు మీదికి వెళ్లిన ఇల్లు అతడి అప్పులవాళ్లకూ అతడి వారసులకూ చిక్కుతుంది. పిల్లల వ్యాపారానికి, పై చదువుకు డబ్బు కావాలన్నది మూడోది, న్యాయమైనదే. దానికి ఇల్లు మొత్తం రాసివ్వక్కర్లేదు. డెవలప్‌మెంట్‌లో నాలుగు ఫ్లాట్లు వస్తే రెండు పిల్లలకు రాసి, ఒకటి ఉండటానికి, ఒకటి అద్దెకు అమ్మానాన్నల పేరునే ఉంచుకుంటే ఆ అద్దె కేర్‌టేకర్ జీతంలో పెద్ద భాగం తెచ్చిపెడుతుంది. ఉండే ఫ్లాటు కింది అంతస్తులో అడగాలి. లిఫ్టు పాడైన రోజు డయాలసిస్‌కు దింపడం ఎంత కష్టమో ఒప్పందం రాసుకునే రోజు ఎవరికీ గుర్తుకు రాదు.

ఫ్లాట్లు రానివాళ్లకు, ఉన్నది ఒక్క ఇల్లే అయినవాళ్లకు 2007లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ రివర్స్ మార్టిగేజ్ తెచ్చింది. 60 దాటినవాళ్లు ఇంట్లోనే ఉంటూ బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు తీసుకోవచ్చు. వాళ్ల తర్వాత పిల్లలు బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు, లేదా బ్యాంకు అమ్మి మిగిలింది వాళ్లకిస్తుంది. దీన్ని తీసుకున్నవాళ్లు చాలా తక్కువ. ఇల్లు తాకట్టు పెట్టుకుని తిన్నారన్న మాట పడటం కన్నా మందులు మానుకోవడమే నయమనుకునే పట్టింపు మనది. ఈ పట్టింపును పిల్లలే వదిలించాలి, తండ్రి తనంతట తాను ఆ మాట ఎత్తలేడు.

ఇంతా చేసి చాలా కుటుంబాలు పూర్తిగా వదిలేసేది ఇంకోటుంది. మనిషి బతికుండి, మతి పోతే సంతకం ఎవరిది? కొడుక్కి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చాం కదా అంటారు. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇచ్చినవారికి మతిస్థిమితం తప్పిన రోజే జీపీఏ కూడా పోతుంది. సరిగ్గా అవసరం పడే రోజున పనికిరాని కాగితం అది. మతి తప్పాక కూడా చెల్లే జీపీఏ కొన్ని దేశాల్లో ఉంది, మనకు లేదు. కోమాలో ఉన్నవారి ఆస్తికి సంరక్షకుణ్ని నియమించే సమగ్ర చట్టం కూడా లేక కుటుంబాలు హైకోర్టుల్లో రిట్ వేసుకుంటున్నాయి. కేరళ హైకోర్టు 2019లో దీనికి మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి చేతనయినంత ముందే సర్దుకోవాలి. డిపాజిట్లు, పొదుపు ఖాతాలు భార్యాభర్తలిద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటుగా ఉంచాలి. నామినీ పేరు రాసినంత మాత్రాన అతడు యజమాని కాడని, వారసుల తరఫున తీసుకునేవాడు మాత్రమేనని ఇంట్లో అందరికీ చెప్పాలి. వెంటిలేటర్ మీద ఎన్నాళ్లు ఉంచాలన్నది కూడా రాసిపెట్టుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు అనుమతించిన ముందస్తు వైద్య ఆదేశాన్ని 2023లో సులభం చేశారు. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. ఐసీయూ బయట నిలబడి ఆ నిర్ణయం పిల్లల నెత్తిన వేయడం కన్నా అది మేలు.

ప్రభుత్వం వైపు చూస్తే, తల్లిదండ్రులను పట్టించుకోని ఉద్యోగుల జీతంలో 10 నుంచి 15 శాతం కోసి వాళ్లకిచ్చేలా చట్టం తెస్తామని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 2025 అక్టోబరులో గ్రూప్-2 అభ్యర్థులకు నియామక పత్రాలిస్తూ చెప్పారు. అస్సాంలో అలాంటి చట్టం 2017లోనే వచ్చింది. మంచిదే, కానీ అది సర్కారు జీతగాళ్ల తల్లిదండ్రులకే. నాచారంలో దుకాణం నడిపే కొడుకుకూ, డాలస్‌లో ఉన్న కొడుకుకూ అది తగలదు. అందరికీ తగిలేది, ఖర్చు లేనిది రిజిస్ట్రేషన్ శాఖ చేతిలోనే ఉంది. దాత వయసు 60 దాటిన ప్రతి గిఫ్ట్ సెటిల్‌మెంట్‌లోనూ పోషణ, వైద్యం, నివాసం షరతులు, జీవితకాల అనుభవ హక్కు నమూనాలోనే ముద్రించి ఉండాలి. వద్దనుకున్న దాత ఆ పేరాను తానే కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. పెట్టే ముందు సబ్ రిజిస్ట్రార్ కొడుకును బయట కూర్చోబెట్టి, ఆ పేరాను తెలుగులో చదివి వినిపించాలి.